తూర్పు హద్దు

కడప రికార్డు గదిలో అందరికంటే ముందు తుమ్ము పలకరిస్తుంది.
చౌడప్ప ముక్కుకు తువ్వాలు చుట్టుకొని
ఎర్రగుడ్డ మూటను బల్ల మీద
ఎరువు బస్తా దించినట్టు దించుతాడు.
"ఏ ఫసలీ మ్మా?"
వెయ్యిన్ని రెండువందల ఎనభై ఆరు, అంటాను.
"ఆ కరువు ఏడాదా" అని నన్నొకసారి చూసి
ఫ్యాను నావైపు తిప్పబోయి,
కాగితాలు లేస్తాయని మానుకుంటాడు.

నేను మోసుకొచ్చిన ఆధారం పిడికెడు.
దూదేకుల పక్కీరప్ప అనే పేరు,
జమ్మలమడుగు తాలూకా నల్లగుండ్లపల్లె,
మా జేజి ఉసేనమ్మ ఒకనాడు
చింతపండు గింజ తీస్తా తీస్తా అనేసిన మాట:
"మా జేజినాయన విల్లు మీటితే
మూడిండ్ల అవతల బిడ్డ నిద్ర పొయ్యేదంట."

విల్లు రాసుకోను రిజిస్టర్లో గడి లేదు.
సర్వే నంబరుకుంది, మెట్టా తరియా అనేదానికుంది,
ఎకరాలకు, సెంట్లకు, శిస్తు పైసలకు కూడా ఉంది.
కరణం చేతిరాత గొలుసుకట్టు,
ఒక అక్షరం చెయ్యి ఇంకో అక్షరం భుజం మీద,
ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పదు.
అది 'ప'నో 'వ'నో తేలేసరికి
ఒక పూట గడిచిపోయింది. 'వ'.
ఎవరో వెంకటప్ప. నాకేమీ కాడు.

ఇనాం లెక్కల్లో పీర్లచావిడికి ముప్పై సెంట్లుంది,
నీరుగట్టుకుంది, తలారికుంది.
ఊరందరి పరుపులూ ఏకినవాడికి లేదు.
గంజితొట్టి లెక్కల్లో మనుషులున్నారు గానీ
మగ ఇన్ని, ఆడ ఇన్ని, పిల్లలు ఇన్ని,
వారం తిరిగేసరికి ఇన్ని తక్కువ.
ఆ తక్కువలో వెతకడం ఎట్లాగో
నాకు చాతకాలేదు.

నాలుగోరోజు చౌడప్ప అడక్కుండానే
ఏదో వంకగట్టు తగాదా కట్ట తెచ్చి పడేశాడు.
"బూమి లేనోడు బూమి పక్కన ఉంటాడు మ్మా,
చెక్కుబందీలు సూడు."

బోయ నడిపి ఓబన్న అమ్ముకున్న దొడ్డి, ఫసలీ 1284.
ఉత్తరం వంక. పడమర బండ్లబాట.
దక్షిణం తమరి స్వంత దొడ్డి.
తూర్పు: దూదేకుల పక్కీరప్ప గుడిసె.

వేలు అక్కడే పెట్టి కూర్చున్నాను.
"వేలు తియ్యి, పొడైపోతాది" అన్నాడు.

అమ్మింది ఆయన కాదు, కొన్నదీ కాదు,
సాక్షిగా నిశానీ కూడా పెట్టలేదు.
ఎవరి బేరంలోనో ఒక దిక్కుగా నిలబడ్డాడు.
పొద్దు పొడిస్తే ముందు మావాళ్ళ బోద కప్పు మీదే పడేది.
ఆ గుడిసె నీడ రోజూ తెల్లారి
ఓబన్న దొడ్డిలోకి పోయి పండుకునేది,
శిస్తు లేకుండా.
లోపల దూది ఎగురుతుండేది, ఎవరో దగ్గేవారు.
ఆ ఎవరో ఆయన భార్య కావచ్చు.
ఆమె పేరు నాలుగు దిక్కుల్లో ఎక్కడా లేదు.

అదే దొడ్డి, మళ్ళీ అమ్మకం, ఫసలీ 1290.
ఉత్తరం వంక, అదే వంక.
పడమర బాట.
తూర్పు: పాడు స్థలం.

ఆరేండ్లు. మధ్యలో కాగితం లేదు.
ఎవరో ఒకరు పెన్న దాటి
ప్రొద్దుటూరు దోవ పట్టి ఉండాలి.
వీపున విల్లు, చంకన బిడ్డ.
రెండూ మోసే సత్తువ ఉండిందో లేదో.
మా ఇంట్లో విల్లు లేదు. మా నాయనకు తెలిసింది
కరెంటుతో ఏకే మిషను.
దించేసింది దేన్నో
నేను ఇక్కడ కూర్చోవడమే చెబుతోంది.

నకలుకు దరఖాస్తు ఇచ్చారు.
పేరు, చిరునామా, రుసుము,
ఆ కింద: సదరు భూమితో దరఖాస్తుదారుకు గల సంబంధం.
చౌడప్ప పెన్ను అడిగి తీసుకొని
తూర్పు హద్దు, అని రాశాను.

"ఇట్ల రాస్తే సారు ఒప్పుకోడే" అన్నాడు.
అప్పటికే పెన్ను తిరిగిచ్చేశాను.
కొట్టేద్దామని మళ్ళీ అడిగితే
జేబులో పెట్టుకొని, మూట కట్టుకుంటూ కూర్చున్నాడు.